సవరణ: క్రాప్ చేస్తే మిగిలేది సగం కాదు, పావు

ఫోన్‌లో ఫొటోల ఎడిటింగ్ గురించి ముందు రాసిన దాంట్లో రెండు తప్పులు దొర్లాయి. చదివినవాళ్లు క్షమించాలి.

మొదటిది: 12 మెగాపిక్సెళ్ల (ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెళ్లు, అంటే ఫొటోలోని చిన్న చుక్కలు) ఫొటోని వెడల్పులో సగానికి, ఎత్తులో సగానికి క్రాప్ చేస్తే 6 మెగాపిక్సెళ్లు మిగులుతాయని రాశాం. తప్పు. 4000×3000 పిక్సెళ్ల ఫొటో 2000×1500 అవుతుంది, అంటే 3 మెగాపిక్సెళ్లే. ఫోన్ తెర మీద తేడా కనిపించదు, అందుకే చాలామంది మోసపోతారు. ప్రింటు తీయిస్తేనే బయటపడుతుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన ఆ 3 మెగాపిక్సెళ్లు 6×4 అంగుళాల ప్రింటుకు బాగానే సరిపోతాయి. 12×8కి వెళితే అంగుళానికి సుమారు 167 మాత్రమే దక్కుతాయి, దగ్గరగా చూస్తే వెంట్రుకలు, అక్షరాల అంచులు మెత్తబడతాయి. సైజు పెంచే టూల్ వాడినా కెమెరా పట్టని వివరం తిరిగిరాదు. వంకర సరిచేసే స్లయిడర్ కూడా నాలుగు మూలలూ కోస్తుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి.

రెండోది: జేపెగ్ (ఫొటోలు దాచే ఒక ఫైలు రకం, JPEG) ఫైలు తెరిచిన ప్రతిసారీ నాణ్యత తగ్గుతుందన్నాం. తెరిచి చూసినందుకు, కాపీ చేసినందుకు ఏమీ తగ్గదు. మార్చి మళ్లీ సేవ్ చేసినప్పుడే కొత్తగా కుదింపు (ఫైలు సైజు తగ్గించడానికి కొంత వివరం వదిలేయడం) జరుగుతుంది, నష్టం అక్కడే. అందుకే క్రాప్, వెలుతురు, రంగు అన్నీ ఒకే విడతలో సరిచేసి ఒక్కసారే సేవ్ చేయండి. తర్వాత మార్పు కావాలనిపిస్తే ఎడిట్ చేసిన కాపీ మీద కాకుండా అసలు ఫొటో నుంచే మొదలుపెట్టండి.