శివారు తూము మీద తేదీ రాయండి

ధవళేశ్వరంలో గేట్లు ఎత్తిన రోజు పసుపు కుంకుమలు వేసి, పూలు చల్లి ఫొటోలు దిగుతున్నారు. ఆ నీరు కాలువ చివరి శివారు పొలాలకు ఏ రోజుకు చేరిందో మాత్రం ఎవరూ చెప్పరు. గోదావరి డెల్టాలో నిర్వహణ లోపమంతా ఇక్కడే ఉంది.

సార్వా, అంటే ఖరీఫ్ వరి, లెక్క కోత నుంచి వెనక్కి కట్టాలి. 1996లో కోనసీమను ఊడ్చేసిన తుపాను తీరం దాటింది నవంబరు 6న. 2023లో మిచాంగ్ తుపాను డిసెంబరు మొదట్లో వచ్చి కోతల మీద పడింది. స్వర్ణ వరి రకం పంటకాలం దాదాపు 150 రోజులు. అక్టోబరు ఆఖరుకు చేను కోతకు రావాలంటే జూన్ మొదట్లోనే నారుమడి పడాలి. అందుకు జూన్ 1కి కాలువలో నీరుండాలి, మే నెలాఖరుకు పూడికతీత అయిపోవాలి. అలా జరగాలంటే ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేనాటికే టెండర్లు ఖరారవ్వాలి. అంటే అంచనాలు సంక్రాంతికల్లా సిద్ధం. ఇందులో ఏ మెట్టు జారినా ఆ ఆలస్యం నేరుగా తుపాను నోట్లోకే పోతుంది.

జరిగేదేమిటి? వేసవంతా ఊరుకుని, నీళ్లు వదిలే ముందు పొక్లెయిన్లు దించుతారు. తీసిన మట్టి, గుర్రపుడెక్క గట్టు మీదే వదిలేస్తే తొలి వానకు సగం మళ్లీ కాలువలోకే జారుతుంది.

నది, వాన మన చేతిలో లేవంటారు అధికారులు. దాళ్వాలో, అంటే రబీ వరికి, గోదావరి సన్నగిల్లితే సీలేరు జలాశయాల నీటి కోసం చూడాల్సిందే, నిజమే. కానీ నీరు చాలనప్పుడే కదా వంతులు పక్కాగా నడవాల్సింది! తన వంతు ఏ రోజో ముందే తెలిస్తే రైతు రాత్రంతా టార్చిలైటుతో తూము దగ్గర కాపలా కాయడు.

ఇంతకీ ఈ ఆలస్యం ఖరీదు కడుతున్నది ఎవరు? కౌలు రైతు. నీళ్లు పదిహేను రోజులు ఆలస్యమైతే కౌలుగా కొలిచే మక్తాలో ఒక్క బస్తా తగ్గదు, అప్పు మీద వడ్డీ ఆగదు. ముంపు చేలో కోసిన వరి పన ఎత్తితే నీరు కారుతుంది, కంకి నిండా తెల్లటి మొలకలు. ఆ ధాన్యానికి మిల్లులో తేమ పేరు చెప్పి ధరలో ఇంకో కోత. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించేదాకా వెళ్లారంటే ఊరికే కాదు. అయినా నీటి తేదీలు తేల్చే సమావేశాల్లో కౌలుదారు మాట వినపడదు. అతన్ని పిలిచి కూర్చోబెట్టండి. ఏ కాలువకు ఏ రోజు నీరొస్తుందో ఏప్రిల్‌లోనే ప్రకటించి, ప్రతి శివారు తూము మీదా ఆ తేదీ రంగుతో రాయించండి. పక్కనే, నీరు నిజంగా చేరిన తేదీ కూడా.