బియ్యం సంచిలో కరపత్రం

థాంక్స్‌గివింగ్ వారంలో ఇక్కడ డాలస్‌లో మన తెలుగు సంఘమూ, మా తెలుగు క్రైస్తవ సహవాసమూ కలిసి విద్యార్థులకు సరుకులు పంచిన సంగతి ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి తెలుసు. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులో జరిగిన గొడవా తెలుసు. బియ్యం, కందిపప్పు, నూనె, చింతపండు ఉన్న సంచుల్లో కొన్నిట్లో మా వాళ్ళెవరో సువార్త కరపత్రాలు పెట్టారు. సంఘానికి చెప్పలేదు, మాలో చాలామందికీ చెప్పలేదు. మర్నాడు ఒకబ్బాయి ఆ కాగితం ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. డిసెంబరు సమావేశంలో సంఘం కార్యవర్గం, ఇకమీదట ఏ చర్చితోనూ కలిసి సేవా కార్యక్రమాలు చెయ్యకూడదని తీర్మానం చేసింది.

తీర్మానం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒక అమ్మాయి ఫోను. రెండో సెమిస్టరు చదువుతోంది. "ఆంటీ, మా రూమ్మేట్స్ సంచి వెనక్కి ఇచ్చేద్దామంటున్నారు. ఇంట్లో బియ్యం అయిపోయాయి. ఇవి వాడుకుంటే మేం చర్చికి రావాలా?" అని అడిగింది. "ఎక్కడికీ రావక్కర్లేదమ్మా, వండుకుని తినండి" అన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చిన పిల్లలు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదు. ఆ పని కూడా అందరికీ దొరకదు. బయట పని చేద్దామంటే వీసా పోతుందని భయం. అద్దెకు తీసి పెట్టాక మిగిలినదాంతో నెట్టుకొస్తున్న పిల్ల, అన్నం వండుకునే ముందు ఇలా అడగాల్సి వచ్చింది.

మా సహవాసంలో దీని మీద రెండు వారాలు మాట్లాడుకున్నాం. కరపత్రాలు పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళలో ఒక అన్నయ్య ఎన్ని రాత్రులు ఎయిర్‌పోర్టుకు వెళ్ళి ముక్కూమొహం తెలియని పిల్లల్ని తీసుకొచ్చారో నాకు తెలుసు. ఆయన వాదన సూటిగానే ఉంది. "అవే సంచుల్లో ఇళ్ళు అమ్మేవాళ్ళ కాగితాలున్నాయి, ఇన్సూరెన్స్ ఏజెంటు కార్డు ఉంది. వాటికి లేని అభ్యంతరం మన కాగితానికే ఎందుకు? నా దగ్గరున్న అన్నిటికంటే విలువైనది నా ప్రభువు. బియ్యం ఇచ్చి ఆయన్ని దాచిపెట్టడం ప్రేమేనా? దీపం వెలిగించి కుంచం కింద పెట్టొద్దని ఆయనే అన్నాడు కదా?"

ఈ మాటల్ని నేను తేలిగ్గా తీసుకోలేను. ఇల్లు అమ్మేవాళ్ళ కాగితాన్ని ఓర్చుకున్నవాళ్ళు యేసు పేరున్న కాగితాన్ని ఓర్చుకోలేకపోయారన్నది నిజం. ఉగాదికీ, దీపావళికీ వేదిక మీద జ్యోతి ప్రజ్వలన జరిగేటప్పుడు మేమూ లేచి నిలబడతాం. మా విశ్వాసం గురించి మేం ఒక్క ముక్క మాట్లాడితే మాత్రం హాలు బిగుసుకుపోతుంది. ఇది నన్ను ఎప్పటినుంచో బాధిస్తోంది.

అయినా ఆ సంచి విషయంలో నేను ఆ అన్నయ్య పక్షాన నిలబడలేను. ఇల్లు అమ్మేవాళ్ళ కాగితం వ్యాపారమని చూసినవాళ్ళందరికీ తెలుసు, దాన్ని చెత్తబుట్టలో వేసి అన్నం వండుకుంటారు. మన కాగితాన్ని చూసిన పిల్ల, బియ్యానికి బదులు తననేదో అడుగుతున్నారనుకుంది. అలా అనుకోవడానికి కారణం ఆమె కాదు. "పాలపొడి కోసం మారినవాళ్ళు, గోధుమపిండికి మారినవాళ్ళు" అనే మాట బళ్ళో నేను విన్నాను, నా తమ్ముళ్ళు విన్నారు. మనల్ని అంత నొప్పించిన మాటకు మన చేతులతోనే ఊతమిచ్చాం.

మాది ఒంగోలు ప్రాంతం. 1876–78 కరువును, పెద్దలు ధాత కరువు అనేదాన్ని, మా నాయనమ్మ తను పుట్టకముందు జరిగినదైనా చూసినట్టే చెప్పేది. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవాడు. ఆకలితో వచ్చిన జనానికి ఊరికే దానం చెయ్యడం కంటే పని చూపించాలని, బకింగ్‌హామ్ కాలువలో 3 మైళ్ళకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది అక్కడ మట్టి మోసి కూలి డబ్బుతో బతికారు. మా ముత్తాతల కుటుంబం కూడా అందులో ఉందని నాయనమ్మ అనేది. ఆ పనిలో ఉన్నవాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడిగితే క్లౌ ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారో, దేవుని కోసం వచ్చారో వాళ్ళకే తెలియని రోజుల్లో ఇవ్వకూడదని ఏడాదికి పైగా ఆపేశాడు. సహాయ పనులు ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినవాళ్ళు తెలుగు బోధకులు.

ఆ 2,222 సంఖ్యను మన చర్చిల్లో ఎంతో గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందున్న ఏడాది గురించి ఎందుకు చెప్పుకోం? ఆ జనంలో కృతజ్ఞతతో వచ్చినవాళ్ళు లేరని నేను అనను. మాదిగపల్లెల్లో మనిషిగా చూసినవాడే లేని కాలంలో ఆ కృతజ్ఞత చిన్నదేమీ కాదు. కానీ కూలి ముట్టేటప్పుడు వాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు. అందుకే మా నాయనమ్మ తలెత్తుకుని ఆ కథ చెప్పగలిగింది.

మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. మా వీధి చివర పూజారిగారి ఇల్లు. ఆయన తల్లి మంచాన పడి వీపంతా పుండ్లు పడ్డాయి. డాక్టరు వారానికి ఒకసారి వచ్చేవాడు కానీ రోజూ కట్టు మార్చేవాళ్ళు లేరు. అమ్మ తనంతట తానే వెళ్ళి అడిగింది. వాళ్ళు రెండు రోజులు ఆలోచించి, పెరటి గుమ్మంలోంచి రమ్మన్నారు. నాన్నకు కోపం వచ్చింది. "వీధి గుమ్మంలోంచి రానివ్వనివాళ్ళకు సేవేమిటి?" అన్నాడు. "పుండు ఆవిడది, గుమ్మం వాళ్ళబ్బాయిది. నేను వెళ్ళేది ఆవిడ కోసం" అంది అమ్మ. డ్యూటీకి వెళ్ళేముందు తెల్లవారుజామునే ఉప్పునీళ్ళు కాచుకుని, ఆసుపత్రి నుంచి తెచ్చిన దూదీ గాజుగుడ్డా పట్టుకుని వెళ్ళేది. ఒక్కోసారి నన్నూ తీసుకెళ్ళేది, పెరట్లో మందారం చెట్టు దగ్గర నిలబెట్టేది. లోపల్నుంచి ఆ ముసలావిడ మూలుగు, దాని మధ్య అమ్మ గొంతు, "అయిపోయిందండీ, ఇంక కొంచెమేనండీ" అని. ఆ మాటలు తప్ప ఆ ఇంట్లో అమ్మ ఏమీ బోధించలేదు. నాకు తెలిసి వాళ్ళెవరూ మతం మారలేదు. చాలా నెలలకు ఆవిడే అడిగిందట, కన్నకూతురు కూడా ఇంత చెయ్యదు, నీకెలా చెయ్యాలనిపిస్తోందని. "మా ప్రభువు నన్ను ఇలాగే చూసుకున్నాడండీ" అని అమ్మ చెప్పింది. ఆవిడ చనిపోయాక కూడా ఆ ఇంటి వీధి గుమ్మం మాకు తెరుచుకోలేదు. ఆ పెరటి గుమ్మం నాకు ఇవాళ్టికీ బాధే. అమ్మకు మాత్రం ఎప్పుడూ లేదు.

మా ఇంట్లో, పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ఒక గుప్పెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసేవాళ్ళం. నెలాఖరుకు ఆ డబ్బా చర్చికి వెళ్ళేది, అక్కడినుంచి ఎవరి ఇంటికి వెళ్ళేదో మాకు తెలియదు. తెలుసుకోకూడదని అమ్మ అనేది.

ఇంటిదగ్గర అంతా బాగుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. తెల్లవారకముందే మైకులు పెట్టి వీధంతా లేపే కూటాలు అక్కడా ఉన్నాయి. పక్కింట్లో పరీక్షలకు చదువుకునే పిల్లలుంటారని, జ్వరంతో పడుకున్నవాళ్ళుంటారని ఆలోచించరు. అంతకంటే ఘోరం కులం. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తీసుకున్నవాళ్ళు పెళ్ళి సంబంధం దగ్గరకొచ్చేసరికి "మీరేవిట్లు?" అని అడుగుతారు. డాలస్ వచ్చాక కూడా పోలేదు. మా సహవాసంలోనే రెండు కుటుంబాలు ఈ మాట మీద మాట్లాడుకోవడం మానేశాయి. బయటివాళ్ళు మన కరపత్రం చదవకముందే ఇవన్నీ చూస్తున్నారు. ఎంత చక్కటి అచ్చులో వాక్యం వేసి పంచినా, కులం అడిగే నోటినుంచి వచ్చిన సువార్తను ఎవరు నమ్ముతారు?

మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు అన్నది, మనుష్యులు మీ సత్క్రియలను చూసి పరలోకమందున్న మీ తండ్రిని మహిమపరచాలని. ఆ వెంటనే 6వ అధ్యాయంలో, కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదంటాడు. చాలాకాలం ఈ రెండూ ఎలా కుదురుతాయో నాకు అర్థం కాలేదు. అమ్మను తలుచుకుంటే అర్థమవుతుంది. చేసిన పని ఆ ముసలావిడకు కనిపించింది, చేసిన మనిషి లెక్క రాసుకోలేదు. అడిగినప్పుడు మాత్రం దాచుకోకుండా చెప్పింది. మనలో ఉన్న నిరీక్షణకు, అంటే దేవుని మీది ఆశకు, కారణం అడిగేవాళ్ళకు సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు రాసిందీ ఇదే. అడిగేదాకా ఆగే ఓపిక మనకు కావాలి. నాలుగేళ్ళుగా పక్క అపార్టుమెంటులో ఉన్నవాళ్ళు మనల్ని ఏమీ అడగలేదంటే, వాళ్ళ తలుపు కింద కాగితం తోసే ముందు మన బతుకు ఒకసారి చూసుకోవాలి.

అందుకని మా సహవాసం పెద్దలకు నా మనవి. బియ్యం సంచిలో బియ్యమే పెడదాం. బ్యానరు వద్దు, పిల్లల చేతికి సంచి ఇస్తూ ఫొటోలు వద్దు. ప్రార్థన కావాలని ఎవరైనా అడిగితే వాళ్ళింటికి వెళ్ళి మోకరిద్దాం. ఆదివారం ఆరాధనకు రావాలనుకునేవాళ్ళకు మన తలుపు ఎలాగూ తెరిచే ఉంటుంది. పోయినసారి సంచి వెనక్కి ఇచ్చిన పిల్లల దగ్గరికి పెద్దలే వెళ్ళి, బేషరతుగా క్షమాపణ చెప్పాలి. ఎవరు పెట్టారో విచారణలు వద్దు, మా అందరి తరఫునా చెప్పండి.

కార్యవర్గానికీ ఒక మనవి. మీ కోపం న్యాయమైనది. కానీ ఆ తీర్మానంతో, ఎయిర్‌పోర్టుకు వెళ్ళే ఆ అన్నయ్యను, అర్ధరాత్రి ఎమర్జెన్సీ వార్డులో మన పిల్లలకు తోడు కూర్చునే మా నర్సు అక్కల్ని కూడా దూరం పెట్టినట్టయింది. ఈ ఊళ్ళో ఒక తెలుగు విద్యార్థి చనిపోయినప్పుడు శవాన్ని ఇంటికి పంపడానికి రాత్రంతా ఫోన్లు చేసినవాళ్ళలో గుడికి వెళ్ళేవాళ్ళూ, చర్చికి వెళ్ళేవాళ్ళూ, మసీదుకు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఆ రాత్రి ఎవరి మతం ఎవరూ అడగలేదు. ఉగాది ముందు మళ్ళీ సరుకుల పంపిణీ ఉందని విన్నాను. దయచేసి తీర్మానం వెనక్కి తీసుకుని మమ్మల్ని పిలవండి. ఇళ్ళవాళ్ళవీ, ఇన్సూరెన్సువాళ్ళవీ, మావీ, ఏ కాగితాలూ లేకుండా సంచులు మీ ఎదురుగానే కడతాం, ఏ సంచి కావాలంటే అది విప్పి చూసుకోండి. అప్పుడైనా ఆ పిల్లలు ఏ అనుమానమూ లేకుండా అన్నం వండుకుంటారు.