సవరణ: గుండెకు ఆక్సిజన్ కవచం

మొన్న "ముందే ఆక్సిజన్ ఎక్కువగా పీలిస్తే గుండెపోటు దెబ్బ తగ్గుతుంది" అని రాశాను. అది ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించిన ఫలితం. ఆ ముక్క రాయకపోవడం నా తప్పే. అది చదివి పర్లాకిమిడిలో మా బాబాయి సిలిండర్ అద్దెకు బేరమాడేశాడు!

ఎలుకల్లో ఆ కాసేపటి ఆక్సిజన్ చిన్న ఒత్తిడి పెట్టి గుండె కణాల రక్షణను ముందే మేల్కొలుపుతుందట. మనుషుల్లో, అదీ నొప్పి మొదలయ్యాక, కథ వేరు. 2017లో వెలువడిన స్వీడన్ పరీక్షలో 6,629 మంది ఉన్నారు. రక్తంలో ఆక్సిజన్ 90 శాతమో అంతకన్నా ఎక్కువో ఉన్నవాళ్లకు అదనంగా ఇచ్చినా ఏడాదిలో మరణాలు తగ్గలేదు. 2015 నాటి ఆస్ట్రేలియా పరీక్షలోనైతే గుండె కండరానికి దెబ్బ పెరిగినట్టే కనిపించింది. 90 కంటే తగ్గినవాళ్లకు మాత్రం ఆక్సిజన్ ఇవ్వాల్సిందే.

బాబాయ్, అడ్వాన్సు వెనక్కి తెచ్చుకో. ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చెయ్యి.