రాడార్ ఉండగా మంచుకొండల భయమేంటి అంటున్న ఫార్వర్డ్‌కు నా జవాబు

ఈమధ్య ఏ గ్రూప్ తెరిచినా అదే మెసేజ్. కాలనీ గ్రూప్‌లో అదే, చుట్టాల గ్రూప్‌లో అదే. ఓడల్లో పనిచేసి రిటైరై ఇప్పుడు గాజువాకలోనో సీతమ్మధారలోనో ఉంటున్న నా మిత్రులు కూడా దండం బొమ్మ పెట్టి మరీ పంపుతున్నారు. "ఉత్తర సముద్రాల్లో మంచు ప్రమాదం అంతా బూటకం" అని మొదలవుతుంది. అందులో చెప్పేవి ఇవి: ఆర్కిటిక్ మంచు 2012 తర్వాత మళ్లీ పెరిగింది. కొన్నేళ్లు ఒక్క మంచుకొండ కూడా ఓడల దారిలోకి రాలేదు. టైటానిక్ తర్వాత మంచు వల్ల ఏ ఓడా మునగలేదు. రాడార్లు, ఉపగ్రహాలు ఉండగా విమానాలతో గస్తీ దండగ. గ్లాసులో ఐసు కరిగితే నీళ్లు పొంగవు కాబట్టి విశాఖకు బెంగ అక్కర్లేదు. కింద పెంగ్విన్ల ఫొటో.

ఫొటో సంగతి ముందు. ఆర్కిటిక్‌లో పెంగ్విన్లు ఉండవు. అది దక్షిణాది ఫొటో.

మంచుకొండలు రాని ఏడాది ఉందన్నది నిజం. 2006లో ఓడల దారికి హద్దుగా లెక్కించే 48 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఒక్కటీ కిందికి రాలేదు. 1984లో 2,200కు పైగా వచ్చాయి. ఆ రెండో అంకె మెసేజ్‌లో ఎందుకు లేదు? గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరంలో హిమానీనదాల నుంచి విరిగిపడిన కొండలు బాఫిన్ అఖాతం దాటి, లాబ్రడార్ ప్రవాహంలో పడి కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దగ్గరికి వస్తాయి. దారిలో సముద్రపు మంచు దట్టంగా ఉంటే అలల దెబ్బ తగలక ఎక్కువ మిగులుతాయి, లేకపోతే ముందే కరిగి విడిపోతాయి. గాలి ఒడ్డు వైపు తోస్తే అక్కడే నేలకు తగిలి ఆగిపోతాయి. ఒక ఏడాది లెక్క చూసి మరుసటి ఏడాదికి ధీమా పడే వీల్లేదు.

2012 గురించి మాత్రం మెసేజ్ రాసినవాళ్ల మాట ఒప్పుకుంటాను. ఆ సెప్టెంబర్‌లో ఆర్కిటిక్ మంచు విస్తీర్ణం సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. 2025 వరకు ఏ సెప్టెంబర్‌లోనూ అంతకంటే తగ్గలేదు. ఈ విషయం దాచాల్సిన పని ఎవరికీ లేదు. కానీ అట్టడుగుకు పడిన ఏడాది నుంచి లెక్క మొదలుపెడితే ఏదైనా పెరిగినట్టే కనిపిస్తుంది. ఉపగ్రహ రికార్డు 1970ల చివరి నుంచి ఉంది, అక్కడి నుంచి చూడండి, తగ్గుదలే కనిపిస్తుంది. శీతాకాలం చివర వచ్చే గరిష్ఠం చూసినా, 2025 మార్చిలోది అప్పటివరకు ఉన్న రికార్డు మొత్తంలోనే అతి తక్కువ.

ఇక రాడార్. నాకు నిజంగా కోపం తెప్పించింది ఇదే. మిగతావి తప్పుడు మాటలు, ఇది ప్రాణాలు తీసే మాట. మన ఉత్తరాంధ్ర నుంచి ఏటా ఎంతమంది పిల్లలు క్యాడెట్లుగా, అంటే శిక్షణలో ఉన్న ఆఫీసర్లుగా, ఓడలెక్కుతున్నారో విశాఖలో ఉన్నవాళ్లకు చెప్పాలా?

1959 జనవరి 30. హాన్స్ హెడ్‌టాఫ్ట్ అనే డెన్మార్క్ ఓడ తొలి ప్రయాణంలో గ్రీన్‌లాండ్ నుంచి తిరిగొస్తూ ఆ దీవి దక్షిణ కొన కేప్ ఫేర్‌వెల్ దగ్గర మంచుకొండకు తగిలి మునిగింది. 95 మంది ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు. దానికి రాడార్ ఉంది. "టైటానిక్ తర్వాత ఏ ఓడా మునగలేదు" అని టైప్ చేసినవాళ్లు ఒక్క నిమిషం వెతికి ఉంటే ఈ పేరు దొరికేది. 2007లో అంటార్కిటికా దగ్గర ఎక్స్‌ప్లోరర్ అనే ప్రయాణికుల ఓడ కూడా మంచు దెబ్బకే పోయింది. అదృష్టం, అందరూ బతికారు.

మంచు రాడార్ తరంగాలను ఇనుములా తిప్పికొట్టదు. పైగా మనల్ని ముంచేది ప్రతిసారీ దూరం నుంచి తెల్లగా కనిపించే కొండే కాదు, దాన్నుంచి విడిపోయిన గ్రౌలర్ అనే చిన్న ముక్క కూడా. నీటిపైకి మీటరు కూడా తేలదు, బరువు మాత్రం పదుల టన్నులు ఉండొచ్చు. సముద్రం కాస్త లేచిందంటే అలల ప్రతిధ్వనితో స్క్రీన్ మధ్యభాగం నిండిపోతుంది. ఆ క్లట్టర్ తగ్గించడానికి నాబ్ తిప్పితే అలలతోపాటు గ్రౌలర్ కూడా మాయమవుతుంది. న్యూఫౌండ్‌లాండ్ పక్కన లోతు తక్కువ సముద్రమైన గ్రాండ్ బ్యాంక్స్ మీద చల్లటి లాబ్రడార్ ప్రవాహం, వెచ్చటి గల్ఫ్ స్ట్రీమ్ కలిసేచోట పొగమంచు కమ్ముకునేది కూడా మంచుకొండలు ఎక్కువగా వచ్చే వసంతంలోనూ, వేసవి మొదట్లోనూ. కంటికి ఆనదు, రాడార్‌కు చిక్కదు. అప్పుడు చేయగలిగింది ఒక్కటే, వేగం తగ్గించి లుకౌట్, అంటే కళ్లతో కాపలా, పెంచడం.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. ఓడలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల్లో ఆరోది చదవండి. చిన్న పడవలు, మంచు, తేలే వస్తువులు చాలినంత దూరంలో రాడార్‌కు దొరక్కపోవచ్చు, అది లెక్కలో పెట్టుకునే వేగం నిర్ణయించాలి అని అందులో స్పష్టంగా ఉంది. బ్రిడ్జ్ మీద, అంటే ఓడను నడిపే గదిలో, వాచ్ చేసే ప్రతి ఆఫీసరూ చదివిన నియమం. నా మిత్రులారా, మీరూ చదివారు. చదివి కూడా ఫార్వర్డ్ చేశారు. పరీక్ష పాసయ్యాక మర్చిపోయారా, లేక చదవకుండానే పంపారా?

ఉపగ్రహాలున్నాయి, నిజమే. కెనడా రాడార్‌శాట్ ఉంది, ఐరోపా సెంటినెల్ ఉంది, 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో, నాసాల రాడార్ ఉపగ్రహం నైసార్ ఉంది. నైసార్ మబ్బుల్లోంచి, చీకట్లోంచి మంచును చూడగలదంటే నాకూ గర్వమే. కానీ అది అదే దారి మీదుగా తిరిగి వచ్చేది 12 రోజులకు. ఈలోగా కొండ గాలికీ ప్రవాహానికీ ఎక్కడికో పోతుంది. విశాల ప్రాంతాన్ని చూపే చిత్రాల్లో గ్రౌలర్ కనిపించదు, చిన్న మంచుకొండకూ చేపల ఓడకూ తేడా తెలియని సందర్భాలు కూడా ఉంటాయి. అందుకే టైటానిక్ తర్వాత మొదలైన అంతర్జాతీయ మంచు గస్తీ, ఉపగ్రహాలు వచ్చాక కూడా విమానాలు పంపి చూసుకుంటోంది. సీజన్‌లో రోజూ మంచుకొండల హద్దు గీసి ఓడలకు పంపుతుంది. లాబ్రడార్ తీరంలో గడ్డకట్టిన సముద్రం మీద ప్రయాణించే అక్కడి ఆదివాసీలు ఇన్యూట్ ప్రజలు కూడా ఉపగ్రహ చిత్రంతో సరిపెట్టుకోరు. స్మార్ట్‌ఐస్ అనే సంస్థతో కలిసి స్నోమొబైల్ వెనక సెన్సర్ లాగుతూ మంచు మందం కొలుస్తున్నారు. కాలు పెట్టాల్సింది వాళ్లు కదా.

ప్రమాదాలు తగ్గాయి కాబట్టి గస్తీ దండగ అనే మాట విశాఖవాళ్ల నోట రావడం మరీ బాధ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. ముందే హెచ్చరిక అంది, తీరం ఖాళీ చేయించబట్టే ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ప్రాణాలు నిలిచాయి కాబట్టి హెచ్చరిక అనవసరం అంటామా?

గ్లాసులో ఐసు లెక్క సముద్రం గడ్డకట్టి ఏర్పడిన మంచుకు సరిపోతుంది. గ్రీన్‌లాండ్ నేల మీదున్న మంచుకు సరిపోదు. అది బయటినుంచి గ్లాసులో వేసిన కొత్త ముక్క. అయితే ఆర్కే బీచ్ కోతకు ఆర్కిటిక్ కారణం కాదని మెసేజ్ చివర్లో రాసింది చాలావరకు సరైనదే. దక్షిణం నుంచి తీరం వెంట రావాల్సిన ఇసుకను ఔటర్ హార్బర్ గోడలు ఆపడం అక్కడ పెద్ద కారణం. అందుకే పోర్టు డ్రెడ్జింగ్ చేసిన ఇసుకను బీచ్‌లో పోయాల్సి వస్తోంది.

ఈ మెసేజ్ క్యాడెట్ పిల్లల గ్రూపుల్లోకి కూడా వెళ్లిందని తెలిసింది. అక్కడ పెట్టినవాళ్లు దయచేసి ఈరోజే తీసేయండి. తీయడం కుదరకపోతే దాని కిందే ఆరో నియమం పెట్టండి.