తువ్వాలు కాదు, చెయ్యి ఊపండి

నిన్న మావాడి అన్నప్రాసన. పాయసం, పంతులుగారి మంత్రాలు, వాడు పెన్ను వదిలేసి డబ్బు పట్టుకోవడం, అన్నీ బాగానే జరిగాయట. నేను చూడలేదు. బాత్రూం తలుపు దగ్గర ఉన్నాను.

ముందు సంగతి గబగబా చెప్పేస్తాను. ఆమధ్య కొన్న స్మార్ట్ ప్లగ్గులు (ఫోన్లోంచి వేసి ఆపేవి), అమ్మిన కంపెనీ తన సర్వర్ ఆపేయగానే ఉత్త ప్లాస్టిక్ ముక్కలైపోయాయి. గీజరు మా ఇంట్లో, దాని మీద పెత్తనం ఏ దేశంలోనో! ఒళ్ళు మండి ఇల్లంతా జిగ్బీకి మార్చేశాను, అంటే బల్బులూ సెన్సర్లూ నెట్‌తో పనిలేకుండా తమలో తాము రేడియోలో మాట్లాడుకునే పద్ధతి. టీవీ వెనక అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు, అందులో ఇంటి మీద పెత్తనం చేసే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్, దానికి జిగ్బీ కబుర్లు అందించే డాంగిల్ ఒకటి. యూఎస్‌బీ 3 పోర్టు రొద జిగ్బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీద పడి సిగ్నల్ చెడుతుందని డాంగిల్‌ని పొడుగు వైరుతో దూరంగా వేలాడదీశాను. అక్కడే తిరిగే వైఫైతో తగువు రాకుండా జిగ్బీకి 11 నుంచి 26 దాకా ఉన్న చానళ్ళలో 25 ఎంచుకున్నాను. నెట్ పోయినా లైట్లు వెలుగుతాయి, బయటివాడెవడూ లోపలికి చొరబడలేడు. వచ్చిన చుట్టాలందరికీ ఇదే చెప్పాను, అడిగినా అడక్కపోయినా.

"నిజంగా నెట్ పోతే?" అన్నాడు మా తోడల్లుడు.

"తీసి చూడండి" అన్నాను. తీయమన్నది ఫైబర్ వైరు. ఆయన రౌటర్ అడాప్టరే పీకి, ఖాళీ అయిన ప్లగ్గులో తన ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని, డాబా మీదికి ఫొటోలకు వెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడే మా పెదమామయ్యగారు బాత్రూంలోకి వెళ్ళారు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. సర్వీసంతా ఊళ్ళకు ఊళ్ళు చీకటి చేసినవారు. ఆయన్ని చీకట్లో పెట్టే యోగం నాకు రాసిపెట్టి ఉంది.

జిగ్బీలో కరెంటు మీద నడిచే ప్రతి బల్బూ పక్కదాని కబురు అందుకుని ముందుకు పంపుతుంది. బ్యాటరీ సెన్సర్లకు అంత ఓపిక లేదు, దగ్గర్లో ఏదో ఒక బల్బును పట్టుకుని వేలాడతాయి. కదలిక చూసి బాత్రూం లైటు వేయించే సెన్సర్ పట్టుకున్నది నడవాలో బల్బుని. అందుకే ఆ బల్బు స్విచ్చి మీద "దయచేసి ఆపవద్దు" అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను. అత్తయ్యగారు అది పూర్తిగా చదివారు. బల్బేమో వెలగట్లేదు, స్విచ్చేమో వేసే ఉంది, కరెంటు దండగ కదా అని ఆపేసి, చేతులు దులుపుకుని వంటింట్లోకి వెళ్ళారు.

కాసేపటికి లోపలి నుంచి కేక.

"అల్లుడూ, కరెంటు పోయిందా?"

"పోలేదండీ."

"మరి?"

దీనికి నా దగ్గర సమాధానం ఉంది. కాకపోతే పంచె ఎగ్గట్టుకుని చీకట్లో కూర్చున్న పెద్దమనిషికి చెప్పగలిగినంత పొట్టిగా లేదు.

"చెయ్యి ఊపండి" అన్నాను.

"ఎవరికి?"

"తలుపు పైన చిన్న తెల్ల డబ్బా ఉంటుంది, దానికి."

"చీకట్లో తెల్ల డబ్బా ఎలా కనపడుతుందయ్యా?"

న్యాయమైన ప్రశ్న. ఆ సెన్సర్‌కి మనుషులు కనపడరు, కదిలే ఒంటివేడి ఒక్కటే కనపడుతుంది. కదలకుండా కూర్చుంటే దాని లెక్కలో మీరు లేరు. ఊపిరి పీల్చినా కనిపెట్టే రాడార్ సెన్సర్లు కూడా ఉన్నాయి. ధర చూసి మా ఆవిడ వద్దంది. ఈ మాట ఆవిడకు గుర్తుచేద్దామని పక్కకు తిరిగాను, ఆవిడ ముఖం చూసి మళ్ళీ తలుపు వైపు తిరిగాను.

లోపల టపటపా చప్పుడు.

"తువ్వాలు కాదండీ, చెయ్యి! తువ్వాలుకి వేడి ఉండదు!"

ఇది కాస్త గట్టిగా అన్నట్టున్నాను. హాల్లో మంత్రం ఆగింది. "లోపల ఎవరున్నారు, ఎవరికి చెయ్యి ఊపమంటున్నాడు?" అని ఎవరో అడిగారు. ఎవరో చెప్పారు. ఇంకెవరో నవ్వారు. లోపల మగ్గు కింద పడి, దొర్లి, తీరిగ్గా ఓ మూలకు చేరి ఆగింది.

పాపం ఆయన ఊపుతూనే ఉన్నారు. సెన్సర్ చూస్తూనే ఉంది, చెబుతూనే ఉంది. వినాల్సిన నడవా బల్బు మాత్రం అత్తయ్యగారి పొదుపులో ఉంది. బుద్ధున్న సెన్సర్ అయితే ఇంకో బల్బుని వెతుక్కుంటుంది. నాది మొండిరకం, పోయినదాన్నే పట్టుకుని వేలాడింది. ఇంకో ఘోరం చూడండి. కదలిక కబురు రాలేదు కాబట్టి "లోపల ఎవరూ లేరు, ఆర్పెయ్" అని టీవీ వెనకాయన ఆజ్ఞ వేశాడు. ఆ ఆజ్ఞ నడవా దారి మూసుకుపోతే పడగ్గది ప్లగ్గు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళి మరీ లైటు ఆర్పింది. ఆర్పడానికి దొరికిన దారి వెలిగించడానికి దొరకలేదు.

బాత్రూం గోడ స్విచ్చి వేయొచ్చు కదా అంటారా? దాన్ని ఎవరూ ఆపకూడదనే తీయించేసి, వైర్లు నేరుగా కలిపించి, పైన డమ్మీ ప్లేటు బిగించాను. ఫోన్లోంచి వేయొచ్చు కదా? రౌటర్ లేదు, వైఫై లేదు. మొబైల్ డేటాతో ప్రయత్నించాను. బయటివాడెవడూ చొరబడకుండా కట్టిన కోట నన్ను కూడా బయటివాడిగానే గుర్తించింది. పని మహా గట్టిగా చేశాను లెండి.

చివరికి మా ఆవిడ తన ఫోన్లో టార్చి వేసి తలుపు కింద సందులోంచి లోపలికి తోసింది.

బయటికొచ్చిన పెదమామయ్యగారు ఫోన్ నా చేతిలో పెట్టి, "ఓ మామూలు స్విచ్చి పెట్టించు నాయనా, డబ్బులు నేనిస్తా" అన్నారు. అందరి ముందూ. డాబా దిగొచ్చిన తోడల్లుడు "మా ఇంట్లో అయితే నోటిమాట చాలు బ్రదర్, లైటు వెలుగుతుంది" అన్నాడు. ఆ నోటిమాట మీ ఇల్లు దాటి ఎవరి సర్వర్ దాకా వెళ్ళొస్తుందో తెలుసా అని మొదలుపెట్టాను. అంతలో విస్తళ్ళు వేశారు, అందరూ లేచారు.

ఇవాళ పొద్దున్నుంచీ ఆ డమ్మీ ప్లేటు విప్పుదామని చూస్తున్నాను. స్క్రూడ్రైవర్ కనపడటం లేదు. ఫోన్ చేస్తే తోడల్లుడు ఎత్తడు.