సర్దుకుపోవడం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సర్దుకుపోవడం గారికి,

బెంగళూరు నుంచి రాయునది. ఉభయకుశలోపరి అనడానికి లేదు. తమరు కులాసాగానే ఉన్నారు, తమర్ని మోసేవాళ్లకే నిద్ర పట్టడం లేదు.

మారతహళ్లి పీజీల్లో తమరు లేని గది లేదు. రూమ్మేట్ అద్దె ఎగ్గొడితే "పర్లేదు బ్రో", మేనేజర్ శనివారం పని అంటగడితే "చేసేస్తా సార్". చివరికి మీ మనిషి థెరపీకి వెళ్తే గుమ్మం బయట చెప్పులు విడిచాడు గాని మిమ్మల్ని విడవలేదు. వారానికోసారి, యాభై నిమిషాలు. ఎదుటి కుర్చీని కూడా మెప్పించే పని మొదలెట్టారు. "మీరు చెప్పింది భలే పనిచేసింది మేడమ్." ఏమీ పనిచేయలేదు.

మీరు దొరికిపోయేది అక్కడే. థెరపిస్టుకూ మీ మనిషికీ మధ్య బంధం మీదే నడిచే ఈ రకం థెరపీలో చిన్నప్పటి కథ చెప్పుకుంటే సరిపోదు. అదే కథ ఇప్పుడు ఈ ఇద్దరి మధ్య ఎలా నడుస్తోందో చూస్తారు. థెరపిస్టు పది నిమిషాలు ఆలస్యమయ్యారనుకోండి. "సిల్క్ బోర్డు ట్రాఫిక్ కదా మేడమ్" అని సాకు తమరే అందిస్తారు. మరుసటి వారం మీ మనిషికి హఠాత్తుగా మీటింగు పడుతుంది. ఆ బంధంలో వచ్చే ఇలాంటి పగుళ్లను మనస్తత్వవేత్తలు జెరెమీ సాఫ్రన్, క్రిస్టఫర్ మురాన్ రెండు రకాలుగా చెప్పారు: ఎదురుతిరగడం, ముడుచుకుపోవడం. రెండోది తమరి సొంత ఆస్తి. చప్పుడు చేయదు గనక అనుభవజ్ఞులకు కూడా తప్పిపోతుంది.

దాన్ని పసిగట్టిన థెరపిస్టు మాత్రం "ఆ రోజు నేను ఆలస్యంగా వచ్చాను. మీకు లోపల ఏమనిపించింది?" అని అడుగుతారు. "ఐ వజ్ ఎ బిట్ అప్‌సెట్" అని ఇంగ్లీషులో జవాబొస్తుంది. అది తమరు రాసిచ్చిందే. ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పమంటే గొంతు మారుతుంది: "నా టైముకి విలువ లేదా అని మండింది." అప్పుడు థెరపిస్టు "ఇది మీ నాన్నగారి మీద కోపం" అని తప్పించుకుంటే గెలుపు తమరిదే. "తప్పు నాది, మీకు కోపం రావడం న్యాయమే" అన్నారా, తమరి కొంప మునిగినట్టే. కోపం బయటపడింది, అయినా అవతలి మనిషి అలగలేదు, వెళ్లిపోలేదు. ఒక్కసారికే తమరు కదలరు లెండి, నెలల తరబడి పదే పదే జరగాలి. మనోవిశ్లేషకులు ఫ్రాంజ్ అలెగ్జాండర్, థామస్ ఫ్రెంచ్ 1946లోనే దీన్ని 'సరిదిద్దే భావోద్వేగ అనుభవం' అన్నారు.

తమరికీ దారులున్నాయి. మూడో సెషన్ అవగానే మీ మనిషి ఉత్సాహంగా మనసులో మాట చెప్పే ప్రయోగం మేనేజర్ మీదే చేస్తే, దెబ్బతిని మళ్లీ మీ ఒళ్లోకే వస్తాడు. అందుకే ముందు రూమ్మేట్‌తో ఫ్యాన్ స్పీడు, తర్వాత అద్దె, ఆపైన సంక్రాంతికి రాలేనని అమ్మకు ఫోను. మేనేజర్ ఆఖర్న. చెప్పాపెట్టకుండా మానేయించడం తమరి ఇంకో విద్య. మానాలనిపిస్తే ఆ మాట కూడా గదిలోనే చెప్పమంటారు.

పూర్తిగా గెంటేస్తారని మాత్రం భయపడకండి. చేయి చేసుకునే తండ్రి ఉన్న ఇంట్లో ఆ పిల్లాణ్ణి కాపాడింది తమరే, దాన్ని ఎవరూ కాదనరు. పీజీలో పొద్దున్నే బాత్రూమ్ వంతులకూ తమరి అవసరం ఉంటుంది.

వచ్చే గురువారం ఆరింటికి ఫీజు పెంపు సంగతి మాట్లాడతారట. తమరు ఐదున్నరకే వచ్చి కూర్చుంటారని తెలుసు.

ఇట్లు,
ఎదుటి కుర్చీ