తుపాకీకి చట్టం సరే, అడవికి డబ్బేదీ?

వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని తన రాష్ట్రం వరకు సవరిస్తూ కేరళ అసెంబ్లీ 2025 అక్టోబరులో ఒక బిల్లు ఆమోదించింది. జనం ఉండే చోట మనిషిని తీవ్రంగా గాయపరిచిన జంతువు గురించి కలెక్టర్ గానీ చీఫ్ కన్జర్వేటర్ గానీ నివేదిక పంపితే, దాన్ని వెంటనే చంపమని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఉత్తర్వు ఇవ్వొచ్చు. అడవి పందుల్లాంటి వాటిని హానికర జంతువులుగా ప్రకటించే అధికారాన్నీ ఈ బిల్లు రాష్ట్రానికి ఇస్తుంది. ఇప్పుడది కేంద్రం చేతిలో ఉంది. 1976లో వన్యప్రాణుల రక్షణ కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది కాబట్టి, కేంద్ర చట్టాన్ని సవరించే ఈ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం కావాలి. జల్లికట్టు కోసం తమిళనాడు 2017లో ఇదే దారి పట్టి నెగ్గింది కూడా.

అడవి జంతువుల దాడులతో విసిగిన కేరళలోని వయనాడ్ రైతు కోపాన్ని తప్పుపట్టలేం. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో కూర్చుని ‘వాటి ఇంట్లోకి మనమే వెళ్లాం’ అని పోస్టు పెట్టడం తేలికే. తెల్లవారుజామున కాఫీ తోటలో పనికి వెళ్లేవాళ్ల టెన్షన్ వేరు. నా అభ్యంతరం వాళ్ల కోపం మీద కాదు, దానికి ప్రభుత్వం చూపిన మందు మీద.

ప్రాణాలకు ప్రమాదమైన జంతువును చంపే అధికారం 1972 చట్టంలోని 11వ సెక్షన్ ఎప్పుడో ఇచ్చింది. పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, మరోచోటికి తరలించడం కుదరదని తేలాలి, అంతే. 2025 జనవరిలో వయనాడ్‌లోని మానంతవాడి దగ్గర ఒక మహిళను చంపిన పులి విషయంలో రెండు మూడు రోజుల్లోనే చంపమని ఉత్తర్వు వచ్చింది. తుపాకీ పేలేలోపే ఆ పులి చచ్చి కనిపించింది. అంతకుముందు ఏడాది అదే ప్రాంతంలో ఒక రైతును చంపిన ఏనుగు కర్ణాటక నుంచి వచ్చింది, దాని మెడకు రేడియో కాలర్ కూడా ఉంది. ఏనుగు ఎక్కడుందో చెప్పే పరికరం ఉండి కూడా మనిషిని కాపాడలేకపోయాం. ఇందులో ఏ సెక్షన్ అడ్డొచ్చినట్టు?

అసలు రోగం అడవిలో ఉంది. వయనాడ్ అభయారణ్యంలో మంజకొన్న అనే పసుపు పూల చెట్టు విపరీతంగా పెరిగింది. సామాజిక అడవుల పేరుతో 1980ల్లో అటవీశాఖే నాటిన విదేశీ జాతి ఇది. దాని కింద గడ్డి మొలవదు. గడ్డి లేకపోతే జింక ఉండదు, ఏనుగుకు మేత ఉండదు. ఆ చెట్లను వేళ్లతో సహా తీసి గడ్డి మళ్లీ పెంచాలంటే ఏళ్లు పడుతుంది, ఏటా డబ్బు కావాలి. అడవి లోపలి కుటుంబాలు ఇష్టపడి బయటికొస్తే 15 లక్షలిచ్చే ‘నవకిరణం’ పథకం కేరళలో ఉంది. దానికీ నిలకడగా నిధులుండాలి. బిల్లు ప్రధానంగా చంపే అధికారం చుట్టూనే తిరుగుతుంది. ఆవాసానికి ఇంత డబ్బు కట్టి తీరాలన్న మాట అందులో లేదు. చంపడానికైతే రాష్ట్రపతి దాకా వెళ్లాలి గానీ, సొంత బడ్జెట్లోంచి అడవికి డబ్బివ్వడానికి ఎవరిని అడగాలి?

దేశంలో డబ్బు లేదా అంటే ఉంది. పులులు, ఏనుగుల ప్రాజెక్టుకు 2025-26 కేంద్ర బడ్జెట్ ఇచ్చింది 290 కోట్లే. కానీ అడవులు పోయినందుకు పరిహారంగా పోగైన కాంపా నిధి నుంచి 2019లో ఒక్క విడతలో రాష్ట్రాలకు 47,436 కోట్లు వెళ్లాయి, తెలంగాణకే 3,110 కోట్లు. అయితే ఈ లెక్కలో ఒక వింత ఉంది: అడవిని ఎంత ఎక్కువ పోగొట్టుకుంటే అంత ఎక్కువ డబ్బు. పైగా తాళం గట్టిగా లేదు. ఉత్తరాఖండ్‌లో ఈ నిధితో ఐఫోన్లు, ఫ్రిజ్‌లు కొన్నారని కాగ్ తేల్చింది. అమెరికా 1937లోనే పొడవు తుపాకులు, తూటాల మీద అప్పటికే ఉన్న పన్ను సొమ్మును వన్యప్రాణులకు కేటాయించింది. వేట లైసెన్సు ఫీజులు పక్కదారి పట్టకుండా రాష్ట్రాలు చట్టం చేస్తేనే అందులో వాటా ఇస్తామంది. మనకు వేట లేదు, ఆ పన్నూ అక్కర్లేదు. అరువు తెచ్చుకోవాల్సింది ఆ తాళం ఒక్కటే.

డబ్బు, జనం మాట రెండూ లేకుండా జీవోతో అడవిని కాపాడబోతే ఏమవుతుందో ఆసిఫాబాద్‌లో చూశాం. పులుల రాకపోకల దారి కోసం 2025 మేలో తెచ్చిన జీవో 49ను ఆదివాసీల ఆందోళనతో రెండు నెలలు తిరక్కుండానే పక్కన పెట్టారు. కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేలో పులి ఒక యువతిని చంపింది అంతకు ఆరు నెలల ముందే. ఆమె ఊరివాళ్లకు ఆ జీవోలో ఏం కనిపించి ఉంటుంది?

చిత్తూరు జిల్లాకు కర్ణాటక 2025 మేలో కుంకీ ఏనుగులను, అంటే అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ పొందిన వాటిని, ఇచ్చింది. మంచిదే. కానీ అవి తరిమిన గుంపు వెళ్లాల్సింది కౌండిన్య అడవిలోకే. అక్కడ వేసవిలో నీళ్లూ మేతా లేకపోతే నాలుగో రోజుకు మళ్లీ చెరకు తోటలోనే ఉంటుంది. కేరళ బిల్లును చూసి మన దగ్గరా అలాంటి చట్టం కావాలనే నాయకులు రేపు తప్పకుండా వస్తారు. వాళ్లను అడగాల్సింది ఒకటే: కౌండిన్యలో కుంటలకు, మేతకు, ఏనుగులను ఆపే, ఇప్పుడు పూడిపోయిన కందకాలకు వచ్చే పదేళ్లూ ఏటా ఎంత ఇస్తారు, ఏ పద్దు కింద?